ఏరిన రాళ్లను మళ్లీ బియ్యంలో కలిపేది

బుడ్డీ, ఈసారి పిలిస్తే పలకవని తెలుసు. అయినా పిలిచే మొదలుపెడుతున్నాను. ఊరంతా నిన్ను మేడం అంది. నేనొక్కదాన్నే బుడ్డీ అన్నాను. "పొలగాండ్ల ముంగట గట్ల పిలువకమ్మా, ఇజ్జత్ పోతది" అని నవ్వేదానివి. ఇప్పుడు ఆ పిల్లలే నీ జ్ఞాపకంగా ఈ పుస్తకం వేస్తున్నారు. వాళ్ల ముందరే పిలిచాను. ఏమనుకుంటావో అనుకో.

ఇక చదివేవాళ్లకు చెబుతాను. నా బిడ్డ పోయి నెల దాటింది. ఆ రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు నేను వసారాలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్నాను. ఆమె చదువు చెప్పే కాలేజీ నుంచి ఇద్దరు మేడంలు ఆటోలో వచ్చారు. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడ్డారు. ఒకామె, "అమ్మా, చాట పక్కకు పెట్టు. జర మొహం కడుక్కో" అంది. మొహం కడుక్కోమని ఎందుకంటారో నా వయసు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టడం పూర్తి చేసి అప్పుడు లేచాను. అలా ఎందుకు చేశానో తెలియదు. ఆ దారం ముడి పడేదాకా నా బిడ్డ ఉన్నట్టే అనిపించిందేమో.

రెండో పీరియడ్ చెప్పి వచ్చి కుర్చీలో కూర్చుందట. నీళ్లు అడిగిందట. గ్లాసు తెచ్చేలోపే తల పక్కకు వాలిందట. దవాఖానకు తీసుకుపోయారు కానీ, అప్పటికే అయిపోయింది. నొప్పి పడలేదని అందరూ చెప్పారు. నేను నమ్మాను.

ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు మోకాళ్లు వాచి పెద్ద జ్వరం వచ్చింది. కీళ్లు బాగయ్యాయి కానీ ఆ జ్వరం గుండెను పాడు చేసి పోయిందని నిజామాబాద్‌లో డాక్టరు చెప్పాడు. పరుగెత్తనీయకు, బరువులు మోయనీయకు అన్నాడు. ఎన్నేళ్లుంటుందని అడిగితే, పైకి చూపించాడు. ఆ పైవాడు నాకు ముప్పై ఏళ్లు దాటేదాకా ఇచ్చాడు. అందుకే ఇది ఏడుస్తూ రాయడం లేదు. నేను నాలుగో తరగతి దాకా చదివాను. తర్వాత చదివినదంతా నా బిడ్డ పలక మీద నేర్పిందే. తప్పులుంటే పిల్లలు దిద్దుతామన్నారు. అక్షరాలు దిద్దండి, మాటలు మాత్రం నావే ఉంచండి అన్నాను.

చిన్నప్పుడు తోటి పిల్లలు ఉరికి ఆడుకుంటుంటే ఆమెకు కూర్చోవడమే పని. మా వసారాలో నాతో పాటు ఐదారుగురు ఆడవాళ్లు బీడీలు చేసేవారు. వాళ్ల మధ్య కూర్చుని హోంవర్క్ రాసుకునేది. బీడీలు చేసేటప్పుడు ఎవరూ ఎవరి మొహం చూడరు. చూపంతా ఆకు మీద, కత్తెర మీద ఉంటుంది. చూపు అలా కిందికి ఉన్నప్పుడే నోళ్లు తెరుచుకుంటాయి. ఒకామె అత్త పెట్టే బాధ చెప్పేది. ఇంకొకామె మొగుడు దుబాయ్ పోయి ఉత్తరం రాయడం లేదని చెప్పి కళ్లు తుడుచుకునేది. తుడుచుకుని మళ్లీ ఆకు తీసేది.

ఒకరోజు వాళ్లంతా వెళ్లాక నా బిడ్డ అడిగింది, "అమ్మా, గా పిన్ని ఇంట్ల ఏడ్వకుంట ఈడికొచ్చి ఎందుకు ఏడుస్తది?"

"ఇంట్ల ఎవరింటరే?"

"ఈడ మీరు గూడ ఇంటలేరు గద. బీడీలు చేసుకుంటుండ్రు."

"చేసుకుంటనే ఇంటున్నం."

ఆ మాట పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. పెన్సిల్ చివర కొరుకుతూ వాళ్లు కూర్చున్న చాప వైపే చూసింది. అప్పుడు నాకేం తెలుసు, అదే ఆమె చదువు అవుతుందని.

వాళ్ల నాయన ఆమె ఆరో తరగతిలో ఉండగానే పోయాడు. ఇంటర్ ఇక్కడే బాన్సువాడలో, ఇంగ్లిష్‌తో డిగ్రీ నిజామాబాద్‌లో. ఆ తర్వాత హైదరాబాద్ పోయి మనసు గురించిన చదువు చదువుతానంది. మా పక్కింటి వదినకు ఇది మింగుడు పడలేదు.

"ఏం చదువుతదట వదినా నీ బిడ్డ?"

"మనసు చదువట."

"మనసుకు చదువేంది? కండ్లకు డాక్టరుంటడు, పండ్లకు డాక్టరుంటడు. మనసుకు గూడ డాక్టరా? మరి సూది ఏడ ఇస్తరు?"

నా బిడ్డ లోపల బట్టలు సర్దుకుంటూ అంది, "చెవుల ఇస్తం అత్తమ్మా. మంచిగ ఇంటే సగం నొప్పి పోతది."

చదువయ్యాక అక్కడే ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గర రెండేళ్లు పని నేర్చుకుంది. అక్కడే ఉండమన్నారు. ఉండలేదు. "హైదరాబాద్‌ల మస్తు మంది డాక్టర్లున్నరమ్మా. మన దిక్కు పొలగాండ్లు గంత దూరం ఎట్ల పోతరు?" అని వచ్చేసింది. కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే పని దొరికింది. ఆదివారాలు ఇంట్లో పిల్లలను చూస్తానని గోడకు బోర్డు కట్టించింది. బాధలో ఉన్న విద్యార్థులకు మానసిక సలహా అని పెద్ద అక్షరాలు.

మూడు నెలలు చదువుకునే పిల్లలు ఒక్కరూ రాలేదు. పిల్లలున్న తల్లులు మా వాకిలి దగ్గరికి రాగానే కొంగు సర్దుకుని అవతలి వైపు నడిచేవారు. ఒకే ఒక్కామె వచ్చింది. ఆమె తాయత్తు కట్టమంది. ఆ సాయంత్రం బోర్డు తీసి మంచం కింద పెట్టింది నా బిడ్డ. "బోర్డుకే భయపడుతుండ్రమ్మా. ట్యూషన్ అని చెబుదాం. నేర్పేది గూడ ఉన్నది గద, అబద్ధమేం కాదు" అంది.

ట్యూషన్ పేరుతో పిల్లలు రావడం మొదలైంది. అప్పటికి బాన్సువాడలో నెట్ దుకాణాలు తెరిచారు. చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి. పరీక్ష భయం పిల్లలు, ఇంట్లో గొడవల పిల్లలు వచ్చేవారు. వాళ్లతో పాటు కొత్త రకం దెబ్బ తిన్న పిల్లలూ రాసాగారు. వాళ్ల ఫోటోల మీద బొమ్మలు గీసి పంపేవారట. వాళ్ల పేరుతో వేరేవాళ్లే రాసేవారట. రోజూ అదే తిట్టు ఫోన్‌కు వచ్చేదట. నాకు మొదట్లో అర్థం కాలేదు. రాతలకు ఇంత ఏడుపా అన్నాను.

"అమ్మా, నిన్ను బోరింగుకాడ ఎవరన్నా తిడితే ఏం జేస్తవ్?" అని అడిగింది.

"బిందె ఎత్తుకుని ఇంటికొస్త."

"వీళ్లు ఇంటికొస్తే తిట్టు గూడ ఎంటనే వస్తది. దుప్పట్ల దూరినా వస్తది. ఇగ ఏడికి పోవాలె?"

అప్పటినుంచి నేను నోరు మూసుకున్నాను.

అయితే ఆ పిల్లలు వచ్చి ఎదురుగా కూర్చుంటే నోరు విప్పేవారు కాదు. నా బిడ్డ ఎంత మెల్లగా అడిగినా తల దించుకునేవారు. ఒక ఆదివారం పదో తరగతి పిల్ల ఒకామె గంటసేపు మూగగా కూర్చుంది. నాకు వంటకు ఆలస్యమవుతోంది. ఏమీ ఆలోచించకుండా చాటలో బియ్యం పోసి ఇద్దరి మధ్య పెట్టి, "ముచ్చట తర్వాత, ముందుగాల జర గీ రాళ్లు ఏరుండ్రి" అన్నాను. ఇద్దరూ వంగి ఏరడం మొదలుపెట్టారు. నేను పొయ్యి దగ్గర ఉండగా మాటలు వినిపించాయి. ఆ పిల్ల మాట్లాడుతోంది. ఆగకుండా మాట్లాడుతోంది.

ఆ పిల్ల వెళ్లాక నా బిడ్డ నా చేతులు పట్టుకుంది. "రెండేండ్లు హైదరాబాద్‌ల నేర్చుకున్న. అసలుది మన చాపకాడనే ఉన్నదమ్మా. చెయ్యి పనిల ఉంటె నోరు భయపడదు" అంది.

అదే పద్ధతి అయింది. పక్కపక్కన కూర్చోవడం, మధ్యలో చాట. ముందే గడియారం విప్పి గూట్లో పెట్టేది, పిల్లలు టైం చూసి తొందరపడకుండా. ఎందుకు చేశావు, ఎందుకు చెప్పలేదు అని ఎప్పుడూ అడిగేది కాదు. ఎందుకు అంటే తప్పు వాళ్లదే అన్నట్టు వినిపిస్తుందట. "తర్వాత ఏమైంది" అని మాత్రం అడిగేది. నాకూ ఒక కట్టుబాటు పెట్టింది. విన్నది గడప దాటొద్దు. సరేనన్నాను.

ఒక శనివారం సాయంత్రం చూస్తే చాట ముందు పెట్టుకుని చిన్న సీసాలోంచి ఏదో చల్లుతోంది.

"ఏం చల్లుతున్నవే?"

"పోయిన వారం ఏరిన రాళ్లమ్మా."

"పిచ్చి లేసిందా నీకు?"

"రాళ్లు లేకపోతే రేపు ఏమి ఏరాలె? వాండ్లు జల్ది ఏరి లేచిపోతరు."

ఆ బియ్యం మేం ఎప్పుడూ వండలేదు. వాటికి వేరే డబ్బా ఉండేది.

ఇప్పుడు ఒక పిల్ల గురించి రాయాలి. రాయొచ్చా అని ఆ పిల్లనే అడిగాను. "రాయి అవ్వా. నా పేరు, ఊరి పేరు మాత్రం వద్దు" అంది. వర్ని దిక్కు ఒక ఊరు అనుకోండి. కాలువ కింద వరి పండించుకునే ఇల్లు. ఇంటర్ రెండో సంవత్సరం, రోజూ బస్సులో బాన్సువాడ వచ్చి చదువుకునేది. కాలేజీ ఫంక్షన్‌లో లంగావోణీలో దిగిన ఫోటో ఎవరో తీసుకుని నెట్‌లో ఆ పిల్ల పేరుతోనే పేజీ తెరిచారు. ఆ పిల్ల అననివన్నీ అన్నట్టు రాశారు. కింద వాళ్ల బాపు సెల్ నంబర్ పెట్టారు. ముక్కూ మొహం తెలియని వాళ్లు ఫోన్ చేయసాగారు. పొలంలో నీళ్లు కట్టుకుంటూ ఆ తండ్రి ఫోన్ ఎత్తాడు. ఏం విన్నాడో ఏమో, ఇంటికి వచ్చి కొట్టలేదు, తిట్టలేదు. బిడ్డతో మాట్లాడటం మానేశాడు. కాలేజీ బంద్ అన్నాడు. పరీక్షలకు నాలుగు నెలలుంది. ఇంట్లో చదివి పరీక్షలు మాత్రం రాయాలని, ఆ ధైర్యం లేకపోతే పెళ్లి చేసి పంపిస్తానని భార్యతో చెప్పాడు.

ఆ పిల్ల అందరి మధ్య కూర్చుని తినడం మానేసింది. పళ్లెం తీసుకుని గోడ వైపు తిరిగి రెండు ముద్దలు మింగి లేచేదట. తర్వాత అదీ తగ్గింది. తల్లి ఇంగ్లిష్ ట్యూషన్ అని భర్తకు చెప్పి ఆదివారం మా ఇంటికి తీసుకొచ్చింది. పిల్ల మెడ ఎముకలు కనిపిస్తున్నాయి. వాళ్లు వెళ్లాక నా బిడ్డ, "ఈ పిల్ల తనంతట తను గేటు దాటి పోయి పరీక్ష రాయాలె. గంతదాక నాకు నిమ్మళం లేదమ్మా" అంది.

మూడు ఆదివారాలు ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. తల వంచుకుని ఏరేది, లేచి వెళ్లేది. నా బిడ్డ కూడా ఏరుతూ తన చిన్ననాటి ముచ్చట్లు చెప్పేది. నాలుగో ఆదివారం ఆ పిల్ల చేయి ఆగింది.

"మేడం, గీ నల్లరాయి పోయిన వారం గూడ నేనే ఏరిన."

నా బిడ్డ దొరికిపోయింది. "అవునా? మల్ల ఎట్లొచ్చింది?"

"మీరే కలిపిండ్రు."

"నేనెందుకు కలుపుత?"

"నన్ను కూసోవెట్టనీకి."

నా బిడ్డ పగలబడి నవ్వింది. ఆ పిల్ల పెదవి పక్కకు వంగింది. ఆ రోజు మధ్యాహ్నం దాకా మాట్లాడింది.

ఆ తర్వాత వారం ఆ పేజీలో ఉన్న మాటలన్నీ కాగితం మీద రాయించింది. "గిదే మాట నీ దోస్తుకు ఎవరన్నా రాస్తే, దానికి నువ్వేం చెప్తవ్?" అని అడిగింది.

"తప్పు నీది కాదే అని చెప్త."

"మరి నీకు?"

ఆ పిల్ల కాగితం మడిచి చాట కింద పెట్టింది.

"ఆగుదాం. తొందర లేదు" అంది నా బిడ్డ.

నేను తలుపు అవతల బీడీలు చేసుకుంటూ ఇదంతా విన్నాను. నా ఒళ్లు మండిపోయింది. నాకు తెలిసిన ఫోటో అంటే స్టూడియోలో దిగేది. అసలుది స్టూడియో వాడి దగ్గరే ఉంటుంది. అలాగే ఈ ఫోటో కూడా బస్టాండు దగ్గర పొలగాండ్లు కూర్చునే నెట్ దుకాణంలో ఏదో ఒక కంప్యూటర్ లోపల ఉంటుందని గట్టిగా అనుకున్నాను. తీయించేస్తే పీడ పోతుంది కదా. మరునాడు బిడ్డ కాలేజీకి పోగానే నేరుగా అక్కడికి పోయాను.

"గా పిల్ల ఫోటో ఏ డబ్బాల వెట్టినవో తీయ్. నా ముంగటనే తీయ్" అన్నాను.

దుకాణం ఆయన బిత్తరపోయాడు. "ఏ పిల్ల పెద్దమ్మా?"

అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. ఊరి పేరు చెప్పాను. తండ్రి పేరు చెప్పాను.

"నా డబ్బాలల్ల ఏం లేదమ్మా. కావాల్నంటే ఇప్పి సూపిస్త."

"ఇప్పు మరి!"

జనం జమయ్యారు. ఎవడో, "పెద్దమ్మకు పానా ఇయ్యుండ్రి, తనే ఇప్పుతది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఇంకా గట్టిగా అరిచాను. ఆ సాయంత్రానికి ఆ పేజీ గురించి తెలియనివాళ్లు కూడా అడిగి మరీ చూశారు.

ఇంటికొచ్చి ఘనకార్యం చేసినట్టు బిడ్డకు చెప్పాను. ఆమె మొహం తెల్లబోయింది. "పేరు చెప్పినవా అమ్మా?" అని ఒక్కటే అడిగింది. తండ్రి పేరు చెప్పానన్నాను. గూట్లో గడియారం పెట్టబోతున్నది అలాగే చేతిలో పట్టుకుని కూర్చుంది.

ఆ ఆదివారం ఆ పిల్ల రాలేదు. మరో ఆదివారం కూడా రాలేదు. పెళ్లి చూపులకు ఎవరో వస్తున్నారని తల్లి కబురు పంపింది. అన్నం పూర్తిగా మానేసిందని కూడా చెప్పింది.

"నన్ను తిట్టు బుడ్డీ" అన్నాను.

"తిడితే నీ మనసు తేలికైతది. గా పిల్లకేమొస్తది?" అంది. మళ్లీ తనే, "నువ్వే పోవాలె అమ్మా. చేసింది చేసినట్టు చెప్పు. నీ కోసమే చేసిన అనకు. ఏడ్వకు. నువ్వు ఏడిస్తే గా పిల్ల నిన్ను ఓదార్చాల్సొస్తది" అంది.

బస్సెక్కి పోయాను. తండ్రి వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు.

"నేను మేడం తల్లిని. బజార్ల లొల్లి చేసింది నేనే" అన్నాను.

"ఓ, నువ్వేనా అక్కా! గొంతు నొయ్యలేదా? వర్నిల మైకు కిరాయికి దొరుకుతది, చెప్తే నేనే తెచ్చిద్దును."

"తప్పయింది అన్నా. నీకు గాదు, నీ బిడ్డకు చెప్పనీకి వచ్చిన."

ఆయన పక్కకు జరిగాడు.

ఆ పిల్ల లోపలి గదిలో గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను గడప దగ్గర కూర్చున్నాను. విన్నానని, దాచుకోలేకపోయానని, ఊరి పేరు చెప్పానని, తప్పు నాదేనని చెప్పాను. ఏడుపు వచ్చింది కానీ ఆపుకున్నాను. ఆ పిల్ల గోడ వైపే చూస్తూ అడిగింది,

"అవ్వా, నువ్వు నిజంగ డబ్బా ఇప్పుమన్నవా?"

"ఇప్పుమన్న."

"అండ్ల నా ఫోటో ఉంటదనుకున్నవా?"

"మరి ఏడుంటది?"

ఆ పిల్ల భుజాలు కదిలాయి. అయ్యో మళ్లీ ఏడిపించానే అనుకున్నాను. ఇటు తిరిగితే చూశాను, నవ్వు. ఆ నవ్వులోనే కళ్ల నీళ్లు కూడా ఉన్నాయి.

"కాల్వ నీళ్లు ఏ మడిల ఉన్నయంటే ఏం చెప్తవ్ అవ్వా? మా మడిల ఉన్నయి, పక్కోళ్ల మడిల ఉన్నయి, అవుతల ఊరోళ్ల మడిల ఉన్నయి. ఒక్క మడి ఎండవెడితే కాల్వ ఎండుతదా? గదీ గట్లనే. ఏ ఊర్ల డబ్బా ముంగట కూసున్నా గా పేజీ ఆడికొస్తది."

నాకు అప్పుడు అర్థమైంది. నాకే కాదు. వెనక నుంచి మగ గొంతు వినిపించింది.

"మరి తూము ఏడున్నది? తూము బంద్ జేస్తే అన్ని మడులకు బందయితది గద?"

తండ్రి ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో నేను చూడలేదు. ఇన్ని వారాల్లో ఆయన బిడ్డతో మాట్లాడిన మొదటి మాట అది. ఆ పిల్ల ఆయన వైపు తిరిగింది.

"ఉన్నది బాపూ. గా పేజీలు నడిపే కంపెనీ చేతుల ఉన్నది. రాసి అడగాలె. నా పేరు మీద నేనే రాస్తే జల్ది అయితదని మేడం చెప్పింది."

"మరి రాయకపోతివి?"

"ట్యూషన్‌కు తప్ప నువ్వు బయటికి పోనియ్యకపోతివి."

ఆయన తడి కాళ్ల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత నన్ను అడిగాడు, "అక్కా, రేపు పొద్దుగాల బస్సు ఎన్నింటికి?"

మరునాడు తండ్రీ బిడ్డా ఇద్దరూ వచ్చారు. నా బిడ్డ వాళ్లను అదే నెట్ దుకాణానికి తీసుకుపోయింది. నేనూ పోయి దుకాణం ఆయనకు తప్పయిందని చెప్పాను. ఆయన మూల ఉన్న కంప్యూటర్ ఇచ్చి, ఎవరూ తొంగి చూడకుండా తనే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక్కసారి రాస్తే కాలేదు. నాలుగైదు సార్లు రాశారు. చివరికి పేజీ పోయింది.

ఆ ఆదివారం తండ్రి కూడా చాట ముందు కూర్చున్నాడు. పెళ్లి చూపుల వాళ్లను రావద్దన్నానని చెప్పాడు. కొంచెంసేపు ఏరి, "గిన్ని రాళ్లేంది అమ్మా? ఏ దుకాన్ల తెస్తుండ్రు గీ బియ్యం?" అన్నాడు. నా బిడ్డా ఆ పిల్లా ఒకరినొకరు చూసుకుని పెదవులు కొరుక్కున్నారు. తర్వాత ఆయన తల ఎత్తకుండా అన్నాడు, "ఫోన్ల గా మాటలు ఇన్నంక బిడ్డ మొహం సూడనీకి నాకే సిగ్గయింది. నేను సూడకపోయేసరికి తప్పు తనదే అనుకున్నదేమో." ఆ పిల్ల ఏరడం ఆపలేదు. "నాది గాదు బాపూ" అంది. ఆ మాట కోసమే నా బిడ్డ అన్నాళ్లు ఆగింది. ఇది ఆయన్నడిగే రాస్తున్నాను. ఇప్పుడు అడగకుండా ఏదీ గడప దాటించను.

మిగిలిన వారాల్లో మెల్లగా నడిపించింది. ఒకరోజు బస్టాండు దాకా, ఒకరోజు కాలేజీ గేటు దాకా, ఒకరోజు ఎవరూ లేనప్పుడు క్లాసులో ఐదు నిమిషాలు. భయం పోయాక పోవడం కాదట, భయంతోనే పోతే భయం తగ్గుతుందట. ఆ పేజీ పెట్టిన ఇద్దరు పొలగాండ్లు ఎవరో కాలేజీలో తేలింది. వాళ్లలో ఒకడు తర్వాత తనూ చాట ముందు కూర్చోవడానికి మా ఇంటికి వచ్చాడు. ఆ రోజు నా బిడ్డ నన్ను బోరింగు దగ్గరికి బట్టలు ఉతకడానికి పంపింది. మంచి పని చేసింది.

మొదటి పరీక్ష రోజు నేనూ గేటు దగ్గరికి పోయాను. తండ్రి రోడ్డు అవతలే ఆగిపోయాడు. ఆ పిల్ల ఒక్కతే నడిచి వస్తోంది. గోడ దగ్గర కూర్చున్న వాళ్లలో ఒకడు ఏదో అన్నాడు. ఆ పిల్ల ఆగిపోయింది.

"పోయి తోల్కరావే" అన్నాను.

"తనే రావాలె" అంది నా బిడ్డ. అంది కానీ, నా మణికట్టు ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు చర్మంలోకి దిగింది. ఆ పిల్ల పరీక్ష అట్ట ఛాతీకి ఆనించుకుని నిలబడింది. ఒకసారి ఊపిరి తీసుకోవడం కనిపించింది. తర్వాత మమ్మల్ని కూడా చూడకుండా, మా పక్కనుంచే నడిచి లోపలికి పోయింది.

నా బిడ్డ చేసిన పని గురించి పెద్ద మాటలు నాకు రావు. ఎందరు పిల్లలు వచ్చారో ఆమె ఎవరికీ చెప్పలేదు, నేనూ లెక్క పెట్టలేదు. బడి మానేసిన ఒక పిల్ల కోసం ఏడాది తిరిగింది. ఆ పిల్ల మళ్లీ బడికి పోలేదు. దానికి నా బిడ్డ చాలా రోజులు బాధపడింది. ఇప్పుడు ఆదివారాలు కాలేజీ నుంచి ఇంకో మేడం వచ్చి కూర్చుంటోంది. నేను నీళ్లిచ్చి నా పని నేను చూసుకుంటాను. ఇల్లు బోసిగా ఉందని వచ్చినవాళ్లు అంటారు. ఉంటుంది మరి. కానీ ముప్పై ఏళ్లు ఆమె మాట వింటూ బతికాను. నాకు దక్కింది తక్కువేం కాదు.

ఆ వర్ని దిక్కు పిల్ల ఇప్పుడు నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల ఇంటర్ చివరి పరీక్ష రాసిన మధ్యాహ్నం ఒక్కటి చెప్పి ముగిస్తాను. తండ్రితో కలిసి నేరుగా మా ఇంటికి వచ్చింది. చేతి నిండా సిరా. నేను పప్పుచారు కాచి, వంకాయ కూర చేశాను. నేల మీద పళ్లేలు వేశాను. ఏ గోడ వైపు తిరుగుతుందో అని నేను చూస్తున్నాను. ఆ పిల్ల వచ్చి మా అందరికీ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పేపర్ ఎలా వచ్చిందో చెబుతూనే తింది. ముక్కు మీద చెమట పట్టింది. తుడుచుకోకుండానే, "అవ్వా, ఇంకింత అన్నం" అని పళ్లెం ముందుకు తోసింది. తండ్రి ముద్ద చేతిలోనే పట్టుకుని బిడ్డను చూస్తున్నాడు. నా బిడ్డ వడ్డించడానికి గరిటె ముంచి ఎత్తింది, ఎత్తినదాన్ని వంచడం మరిచిపోయింది. అలాగే నిలబడి ఆ పిల్ల తినడం చూస్తోంది. చారు బొట్టు బొట్టుగా నా బిడ్డ పాదం మీద పడుతోంది. వేడి చారు. ఆమెకు తెలియడమే లేదు.

ఇంతే నేను రాయగలిగింది. చదివినవాళ్లు పుస్తకం పక్కన పెట్టి లేవండి. కడుపు నిండా అన్నం తినండి.